వరస కలపడం: మన పిలుపుల వెనుక ఉన్న లెక్క



మన స్కాలర్‌షిప్ దరఖాస్తులో "సంరక్షకునితో సంబంధం" అని ఒక గడి ఉంటుంది. తండ్రి లేని పిల్లలు, చదువు కోసం బంధువుల ఇంట ఉంటున్న పిల్లలు దాన్ని నింపాలి. ఎక్కువమంది అక్కడ "అంకుల్" అని రాసి ఊరుకుంటారు. ఆ అంకుల్ నాన్నగారి తమ్ముడో, అమ్మ అన్నగారో, మేనత్త భర్తో, పిన్ని భర్తో చదివేవారికి తెలియదు. ఇంట్లో ఆ పిల్లవాడే ఆయన్ను బాబాయి అనో, మామయ్య అనో పిలుస్తాడు. ఆయన ఏ వైపు మనిషో వాడికి బాగా తెలుసు. ఇంగ్లీషు మాట రాసేసరికి ఆ తెలివి కాస్తా గడిలోంచి జారిపోతుంది.

ఈ సంచికలో ఆ తెలివి గురించే రాస్తున్నాను. మానవశాస్త్రంలో దీనికి బంధుత్వ అధ్యయనం అని పేరు. ప్లస్ వన్, ప్లస్ టూలో సోషియాలజీ తీసుకున్నవారికి, డిగ్రీలో ఆంత్రోపాలజీ చదివేవారికి, సివిల్స్‌లో ఆంత్రోపాలజీని ఐచ్ఛికంగా ఎంచుకునేవారికి ఇది తప్పనిసరి అధ్యాయం. నేను చదివింది కామర్సు. బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయినవాణ్ణి. మనుమరాలికి పాఠం చెప్పడానికని ఈ పుస్తకాలు తిరగేశాను. అందులో సగం మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా వచ్చినదే. పేర్లు మాత్రం కొత్త.

రెండు ఖాతాలు

నాన్నగారి అన్నదమ్ములను మనం పెదనాన్న, చిన్నాన్న అంటాం. చిన్నాన్నను కొందరు బాబాయి అంటారు. పెదనాన్న అన్న మాటలోనే నాన్న ఉన్నాడు. అమ్మ అక్కచెల్లెళ్ళు పెద్దమ్మ, చిన్నమ్మ. కొన్ని ఇళ్ళలో దొడ్డమ్మ, పిన్ని. పెద్దమ్మ అన్న మాటలోనే అమ్మ ఉంది. వీళ్ళ పిల్లలందరూ మనకు అన్నలు, తమ్ముళ్ళు, అక్కలు, చెల్లెళ్ళు. ఇది ఒక ఖాతా.

ఇక నాన్నగారి అక్కచెల్లెళ్ళు, అమ్మ అన్నదమ్ములు. వీళ్ళు మేనత్త, మేనమామ. ఇక్కడ మాటలో నాన్నా లేడు, అమ్మా లేదు. వీళ్ళ పిల్లలు మనకు అన్నదమ్ములు కారు. బావ, బావమరిది, వదిన, మరదలు అవుతారు. ఇది రెండో ఖాతా.

సూత్రం ఒక్కటే. తల్లికి అక్కచెల్లెలు, తండ్రికి అన్నదమ్ముడు అయితే మొదటి ఖాతా. తల్లికి అన్నదమ్ముడు, తండ్రికి అక్కచెల్లెలు అయితే రెండో ఖాతా. పాఠ్యపుస్తకాల్లో మొదటి ఖాతా పిల్లలను పారలల్ కజిన్లు అనీ, రెండో ఖాతా పిల్లలను క్రాస్ కజిన్లు అనీ అంటారు. పరీక్షలో ఈ రెండు మాటలకు తేడా రాయమంటే చాలామంది తడబడతారు. తెలుగు పిల్లలు తడబడవలసిన పని లేదు. అన్నదమ్ముల వరస అయితే పారలల్, బావామరదళ్ళ వరస అయితే క్రాస్. అంతే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ఇదంతా ఇంటిపేరు, గోత్రం చూసి చేసిన ఏర్పాటే కదా అని. కాదు. పెద్దమ్మ కొడుకు ఇంటిపేరు మన ఇంటిపేరు కాదు. గోత్రం కూడా వేరు కావచ్చు. అయినా అతడు మనకు అన్నే. ఒక్క గోత్రం చూసి తేల్చే పద్ధతి అయితే పెద్దమ్మ పిల్లలతో సంబంధానికి అడ్డం ఉండకూడదు. కానీ మన ఇళ్ళలో ఆ మాట ఎత్తితేనే చెవులు మూసుకుంటారు. గోత్రానికి అందని చోట వావివరస కాపలా కాస్తోంది. ఈ ఒక్క విషయం అర్థమైతే అధ్యాయం సగం వచ్చినట్టే.

పెళ్ళి చేసుకుని కుటుంబంలోకి వచ్చినవారు కూడా తమ ఖాతాలో తామే పడిపోతారు. పిన్ని భర్త బాబాయి; నాన్నగారి తమ్ముడిదీ అదే పేరు. మేనత్త భర్త మామయ్య. అమ్మ తమ్ముడిదీ అదే పేరు. మేనమామ భార్య అత్త. అక్క భర్త బావ, అన్న భార్య వదిన. డెబిట్ రాస్తే ఎదుట క్రెడిట్ పడి తీరాలన్నట్టు, ఒకరి వరస తేలగానే వారి జోడీ వరస కూడా తేలుతుంది.

ఈ లెక్క ఎంత దూరమైనా పోతుంది. నాన్నకు బావ అయినాయన మనకు మామ. నాన్నకు వరసకు అన్న అయినాయన పెదనాన్న. అమ్మకు వదిన వరస అయినామె మనకు అత్త. పెళ్ళిపందిట్లో ఇద్దరు ముసలివాళ్ళు పక్కపక్కన కూర్చుని, "మీ తాతగారు మా నాయనమ్మకు ఏమవుతారు?" అంటూ మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో "అయితే నువ్వు నాకు బావమరిదివోయ్" అని తేల్చడం మనం చూసినదే. వరస కలపడం అంటే అదే. పిల్లలు దాన్ని కాలక్షేపం అనుకుంటారు. తరాల లెక్క, ఆడామగా లెక్క, పెద్దాచిన్నా లెక్క మూడూ కలిపి నోటితో చేసే గణితం అది.

రోచెస్టర్ వకీలు, తెలుగు పట్టిక

ఈ లెక్కను ప్రపంచ విద్వాంసుల దృష్టికి తెచ్చినవారు లూయీ హెన్రీ మోర్గన్ (1818–1881). న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో వకీలు. తన ప్రాంతంలో ఉండే ఇరొక్వా ప్రజల్లో, ముఖ్యంగా సెనెకా వారిలో, ఒక వింత గమనించారు. వాళ్ళు తండ్రి అన్నదమ్ములను తండ్రి అనే మాటతోనే, తల్లి అక్కచెల్లెళ్ళను తల్లి అనే మాటతోనే పిలుస్తారు. ఇంగ్లీషువారికి ఇది విడ్డూరం. మనకేమీ విడ్డూరం కాదు.

మోర్గన్ ఒక పొడుగాటి ప్రశ్నావళి తయారుచేసి అనేక దేశాలకు పంపించారు. మిషనరీలు, రాయబార కార్యాలయాలవారు నింపి పంపిన జవాబుల్లో తమిళ, తెలుగు, కన్నడ పట్టికలు కూడా ఉన్నాయి. 1871లో స్మిత్సోనియన్ సంస్థ ప్రచురించిన ఆయన పెద్ద గ్రంథంలో ఆ పట్టికలు అచ్చయ్యాయి. సముద్రాల అవతల ఉన్న సెనెకా వారి లెక్కా, దక్షిణ భారతంలోని మన లెక్కా ఒకే మూసలో ఉండడం చూసి ఆయన ఆశ్చర్యపోయారు. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇది సాక్ష్యం అనుకున్నారు. ఇలా చాలామంది బంధువులను ఒక్క మాట కింద చేర్చే పద్ధతికి "వర్గీకరణ పద్ధతి" అనీ, తండ్రిని వేరుగా, తండ్రి సోదరుణ్ణి వేరుగా చూపే యూరపు పద్ధతికి "వర్ణనాత్మక పద్ధతి" అనీ పేర్లు పెట్టారు. ఈ రెండు పేర్లూ పరీక్షల్లో ఇప్పటికీ అడుగుతారు.

ఆయన ఊహలన్నీ నిలవలేదు. ఇలాంటి పిలుపులు ఏనాటివో సామూహిక వివాహాల గుర్తులని ఆయన అన్నారు. ఆ మాట తరువాతివారు ఒప్పుకోలేదు. పిలుపుల పోలికను బట్టి వలసలను నిరూపించలేమని కూడా తేలింది. పైగా దగ్గరి బంధువుల్లో ఒకటిగా కనబడే ఈ రెండు పద్ధతులు దూరపు బంధువుల దగ్గర విడిపోతాయి. నాన్నకు మేనత్త కొడుకు ఉన్నాడనుకోండి. మన లెక్కలో ఆయన నాన్నకు బావ కాబట్టి మనకు మామ. ఇరొక్వా లెక్కలో నాన్నకు కజిన్ అయిన మగవాడు ఎవరైనా నాన్న వరసే. అందుకే ఇప్పటి పుస్తకాలు ఇరొక్వా పద్ధతి, ద్రావిడ పద్ధతి అని రెండుగా చెబుతాయి. మన పద్ధతి మీద థామస్ ట్రౌట్‌మన్ 1981లో రాసిన పుస్తకం పేరే "ద్రావిడియన్ కిన్‌షిప్".

ఈ తేడా ఎందుకు వచ్చిందో చెప్పినవారిలో ముఖ్యులు ఫ్రెంచి పండితుడు లూయీ డ్యూమాంట్. తమిళనాడులో పల్లెల్లో ఉండి పరిశోధన చేశారు. ద్రావిడ పిలుపులను రక్తసంబంధాల జాబితాగా చూడవద్దని, అవి పెళ్ళి సంబంధాన్ని తరతరాలకూ అప్పగించే ఏర్పాటని 1953లో రాశారు. ఆయన చెప్పినది మన మాటల్లోనే కనబడుతుంది. మేనత్తలోంచి "మేన" తీసేయండి, అత్త. అంటే భార్య తల్లి లేక భర్త తల్లి. మేనమామలో తీసేయండి, మామ. మేనల్లుడు, అల్లుడు. మేనకోడలు, కోడలు. ఇంగ్లీషులో అమ్మ తమ్ముడి మాటకూ, పిల్లనిచ్చిన మామ మాటకూ ఏ పొంతనా లేదు. మనకు రెండూ ఒకే ఖాతా. రెండో ఖాతా అంటే, ఒక తరం కింద వియ్యం అందుకున్నవారు, మళ్ళీ వియ్యం అందుకోదగినవారు.

సరిహద్దు దాటితే

ఇంతవరకూ చెప్పినది ఆంధ్ర, తెలంగాణల్లోని పిల్లలకైనా చెప్పవచ్చు. మనవంటి బయటి రాష్ట్రాల తెలుగువారికి దీనిలో ఇంకొక పాఠం ఉంది. దానికి ఇరావతీ కర్వేను చదవాలి. పుణేలోని డెక్కన్ కాలేజీలో పనిచేసిన ఈమె (1905–1970) 1953లో "కిన్‌షిప్ ఆర్గనైజేషన్ ఇన్ ఇండియా" అనే గ్రంథం ప్రచురించారు. భారతదేశాన్ని బంధుత్వం దృష్టితో ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా విడదీశారు. కర్ణాటక, తమిళ ప్రాంతాలను మనతోపాటు దక్షిణ మండలంలో ఉంచారు. మహారాష్ట్రను, ఒడిశాను మధ్య మండలంలో చేర్చారు.

ఈ గీత మన సభ్యుల ఇళ్ళ మధ్య నుంచే పోతోంది.

హోసూరులోనో, బళ్ళారిలోనో ఉన్న తెలుగు పిల్లవాడు బయట భాష మార్చితే చాలు, లెక్క మార్చనక్కరలేదు. పెదనాన్న కన్నడంలో దొడ్డప్ప, తమిళంలో పెరియప్ప. పిన్ని కన్నడంలో చిక్కమ్మ, తమిళంలో చిత్తి. అత్త అత్తే, అత్తై; మామ మావ, మామన్. మాట పక్కన మాట పెట్టి చూస్తే గళ్ళన్నీ సరిపోతాయి. స్నేహితుడి ఇంట్లో "మామ కూతురు" అంటే ఏ అర్థం వస్తుందో, మన ఇంట్లోనూ అదే.

బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, సోలాపూర్‌లోనో పెరిగే పిల్లల సంగతి అలా కాదు. ఒడియాలో అమ్మ అన్నదమ్ములు మాము. భార్య తండ్రి మాత్రం శశుర. రెండు వేరు మాటలు, వేరు ఖాతాలు. మాము కూతురు అక్కచెల్లెలి కిందే లెక్క. దక్షిణ ఒడిశాలో కొన్ని వర్గాలను మినహాయిస్తే ఒడియావారిలో ఎక్కువమంది ఆ పెళ్ళి ఊహించను కూడా ఊహించరు. హిందీ కూడా అంతే: చచేరా, మమేరా, ఫుఫేరా, మౌసేరా అని నాలుగు విశేషణాలు ఉన్నా, చివరికి నలుగురూ భాయీలే. ఒక తెలుగు పిల్లవాడు బడిలో తన మరదలి గురించి మామూలుగా మాట్లాడితే ఒడియా స్నేహితులు తెల్లబోతారు. వాడికి సిగ్గనిపిస్తుంది. ఇంటికి వచ్చి ఆ పిల్లను "సిస్టర్" అనడం మొదలుపెడతాడు. ఎవరిదీ తప్పు కాదు. రెండు మండలాల లెక్కలు ఒకే తరగతి గదిలో కలిశాయి. ఆ సంగతి చెప్పేవారుంటే పిల్లవాడికి సిగ్గు ఉండదు, స్నేహితులకు ఎగతాళి ఉండదు.

మరాఠీ ఇంకా ఆసక్తికరం. అక్కడ మామ కూతురిని మామేబహీణ్ అంటారు. బహీణ్ అంటే సోదరి. పేరు ఉత్తరాది పేరు. అయినా అనేక కులాల్లో మగవాడు మామ కూతురిని పెళ్ళాడవచ్చు. ఆత్యా కూతురి విషయంలో మాత్రం చాలామంది ఒప్పుకోరు. అంటే మన రెండు దారుల మేనరికంలో ఒక దారే అక్కడ తెరిచి ఉంది. పాతకాలపు కోడళ్ళు మామగారిని మామంజీ అనీ, అత్తగారిని ఆత్యాబాయి అనీ పిలిచేవారు. మాటలో దక్షిణాది జాడ అలా మిగిలింది. ఉత్తర పద్ధతికీ దక్షిణ పద్ధతికీ నడుమ మెట్టు అని కర్వే అన్నది ఇందుకే. మహారాష్ట్రలో ఉన్న మన విద్యార్థులు ప్రాజెక్టు పనికి అంశం వెతుక్కుంటుంటే ఇంతకన్నా మంచిది దొరకదు. ఇంట్లో ఒక పట్టిక, పక్కింట్లో ఒక పట్టిక.

తల్లి వైపు వంశం

వంశం తండ్రి వైపే లెక్కించాలని ఎక్కడా శాసనం లేదు. కేరళలో నాయర్ల తరవాడ్ తల్లి వైపు కుటుంబం. మేఘాలయలో ఖాసీల ఆస్తి ముఖ్యంగా చిన్న కూతురికి చేరుతుంది. మన కర్ణాటక సభ్యులకు దగ్గరది తుళునాడు. అక్కడ బంట్లు మొదలైనవారిలో అళియసంతాన పద్ధతి ఉండేది. వారసత్వం మేనమామ నుంచి అక్కచెల్లెళ్ళ బిడ్డలకు వెళ్ళేది. అళియ అంటే కన్నడంలో అల్లుడు, మేనల్లుడు సోదరళియ. అళియ రామరాయలు అని చరిత్రలో చదువుతాం కదా, శ్రీకృష్ణదేవరాయల అల్లుడు కాబట్టి ఆ పేరు. మాతృవంశీయం అంటే స్త్రీల పరిపాలన అని కొందరు పరీక్షల్లో రాస్తారు. అలా రాయకండి. ఈ కుటుంబాల్లో చాలాచోట్ల పెత్తనం మేనమామదే. వంశం మాత్రం తల్లి ద్వారా.

పొయ్యి, కప్పు, పాసుబుక్కు

వ్యష్టి కుటుంబం, ఉమ్మడి కుటుంబం అనే విభజన దాదాపు ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఉమ్మడి కుటుంబం పాడైపోయిందని వాపోయే వ్యాసాలు కూడా కావలసినన్ని ఉన్నాయి. నా అనుభవంలో ఆ వ్యాసాలు ఒక ప్రశ్న వేయడం మరచిపోతాయి. ఉమ్మడి అంటే ఏది ఉమ్మడి?

జనాభా లెక్కలవారికి పొయ్యి ముఖ్యం. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో తినేవారు ఒక ఇంటి కింద లెక్క. ఒకే కప్పు కింద ఉంటూ రెండు పొయ్యిలు వెలిగించే అన్నదమ్ములు వారికి రెండు ఇళ్ళు. ఆదాయపు పన్నువారికి పాసుబుక్కు ముఖ్యం. హిందూ అవిభక్త కుటుంబం వేరు వ్యక్తిగా పన్ను కడుతుంది. దాని సభ్యులు మూడు ఊళ్ళలో మూడు పొయ్యిలు పెట్టుకున్నా సరే. బ్యాంకులో రెండు రకాలనూ చూశాను. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి ఖాతా ఒకరికి తెలియనివ్వని అన్నదమ్ములున్నారు. ఒకరు హుబ్బళ్ళిలో, ఒకరు ముంబైలో ఉంటూ ఊళ్ళో పొలం పైకం ఒకే ఖాతాలో వేసుకునేవారున్నారు. వీరిలో ఎవరిది ఉమ్మడి? ఏ.ఎం. షా అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన పుస్తకంలో ఇల్లు వేరు, కుటుంబం వేరు అని వివరంగా చూపారు. స్కాలర్‌షిప్ ఫారంలో "కుటుంబ ఆదాయం" నింపేటప్పుడు తగాదా వచ్చేది ఇక్కడే. ఏ ఫారంలోనైనా ముందు దాని వెనుక ఉన్న నిర్వచనం చదవండి. కొన్నింటికి పొయ్యి లెక్క, కొన్నింటికి తల్లిదండ్రులు మాత్రమే లెక్క.

ఆస్తి మాట వచ్చింది కాబట్టి ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక విషయం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి, దాన్ని 1985 సెప్టెంబరు నుంచి వర్తింపజేసింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారిలో వచ్చాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణతో ఒడిశాతో సహా దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు నిలుస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

మేనరికం సంగతి

ఇది రాయక తప్పదు. మన ట్రస్టు పుస్తకం చదివే ఇళ్ళలో ప్లస్ టూ పూర్తికాగానే "మేనమామ ఉండగా బయటి సంబంధం ఎందుకు?" అనే మాట వినే అమ్మాయిలున్నారు.

మేనరికం ఆచారం పాతదే. దక్షిణాదివారి ప్రత్యేక ఆచారాల్లో ఒకటిగా బౌధాయన ధర్మసూత్రం దాన్ని పేర్కొంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ళ పిల్లల మధ్య, మేనమామా మేనకోడళ్ళ మధ్య పెళ్ళిని నిషేధించి, ఆచారం ఒప్పుకునే చోట మినహాయింపు ఇచ్చింది. మనవాళ్ళ మేనరికాలు ఆ మినహాయింపు మీద నిలిచినవే. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకుంటే మాత్రం మామ కూతురు, మేనత్త కూతురు కూడా నిషిద్ధ పట్టికలో ఉంటారు. అలాంటి ఉద్దేశం ఉన్నవారు ముందుగా న్యాయవాదిని అడగాలి.

చట్టం నుంచి తప్పించుకోవడానికి సరిహద్దు దాటడం కూడా మనవాళ్ళకు తెలుసు. 1929లో శారదా చట్టం వచ్చాక బ్రిటిషు జిల్లాల నుంచి బాల్యవివాహాల కోసం ఫ్రెంచివారి యానాంకు వెళ్ళేవారు. అందుకే ఆ ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. ఇప్పుడు ఆ దారి లేదు. 2006 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని అమ్మాయి పెళ్ళి మేనరికమైనా, బయటి సంబంధమైనా బాల్యవివాహమే.

ఆరోగ్యం మాట లెక్కతో చెబుతాను. బిడ్డకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం జన్యువులు వస్తాయి. ప్రతి మెట్టుకూ సగం చొప్పున గుణించుకుంటూ పోతే బావామరదళ్ళు ఎనిమిదో వంతు జన్యువులు పంచుకుంటారు. మేనమామా మేనకోడళ్ళు నాలుగో వంతు. కొన్ని జబ్బులు ఇద్దరి వైపు నుంచీ ఒకే లోపం వస్తేనే బయటపడతాయి. తలసీమియా, సికిల్ సెల్, పుట్టుచెవుడులో కొన్ని రకాలు అలాంటివి. ఏ దంపతులకైనా నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలకు పుట్టుకతో తీవ్రమైన లోపం ఉండే అవకాశం ఉందనీ, బావామరదళ్ళ పెళ్ళిలో అది సుమారు రెట్టింపు అవుతుందనీ వైద్యులు చెబుతారు. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. "మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు" అనే పెద్దల మాట అబద్ధం కాదు. కానీ తరం తరువాత తరం మేనరికాలే చేసుకున్న ఇంట్లో లెక్క ఇంతకంటే పెరుగుతుంది. చేసుకోదలచినవారు పెళ్ళికి ముందే జన్యు సలహా తీసుకోవడం మంచిది.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. వరస చెప్పేది "చేసుకోవచ్చు" అని. "చేసుకోవాలి" అని ఎక్కడా చెప్పలేదు. బావను బావా అని పిలుస్తూనే అమ్మాయి డిగ్రీకి, ఉద్యోగానికి వెళ్ళవచ్చు. పిలుపు నిలవడానికి పెళ్ళి అక్కరలేదు.

ఫారాల్లో ఎలా రాయాలి

బ్యాంకులో చనిపోయినవారి డిపాజిట్లకు క్లెయిము ఫారాలు వచ్చేవి. ఒక పెద్దమనిషి తాను మృతుని కొడుకునని రాశారు. కాగితాలు చూస్తే అన్న కొడుకు. ఆయన అబద్ధమాడలేదు, తెలుగులో అన్న కొడుకూ కొడుకే, పెంచినవాడు ఆయనే. కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో కొడుకు మొదటి తరగతి వారసుడు, అన్నదమ్ముల కొడుకు రెండో తరగతిలో నాలుగో వరుస. దత్తత కాగితం లేకపోతే చట్టం పెంపకాన్ని చూడదు.

కాబట్టి పెదనాన్న ఇంట పెరిగే పిల్లలు పదో తరగతి సర్టిఫికెట్లో కన్నతండ్రి పేరే ఉండేలా చూసుకోండి. ఒక కాగితంలో ఒకరి పేరు, ఇంకొక కాగితంలో మరొకరి పేరు ఉంటే స్కాలర్‌షిప్పులకూ, పాస్‌పోర్టుకూ ఏళ్ళ తరబడి తిప్పలు. సంరక్షకుని గడిలో "అంకుల్" వద్దు. "ఫాదర్స్ యంగర్ బ్రదర్", "మదర్స్ బ్రదర్" అని విడదీసి రాయండి. మన మాటలో ఉన్న వివరం అంతా వచ్చేస్తుంది.

ఇక అభ్యాసం. డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే ఆంగ్ల పండితుడు 1898లో టోరెస్ జలసంధి దీవుల యాత్రలో వంశవృక్షాలు సేకరించి చదివే పద్ధతిని రూపొందించారు. తరువాత నీలగిరుల్లో తోడాల మధ్య కూడా అదే వాడారు. ఇప్పటి పుస్తకాల్లో ఆ పటాలను గుర్తులతో వేస్తారు. మగవారికి త్రిభుజం, ఆడవారికి సున్నా, పెళ్ళికి రెండు అడ్డగీతలు, సంతానానికి నిలువు గీత, తోబుట్టువులకు పైన కలిపే అడ్డగీత. మధ్యలో మీరు. సెలవుల్లో అవ్వనో, తాతనో పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు తరాలు వేయండి. ప్రతి గుర్తు కింద మీరు పిలిచే పిలుపు రాయండి. ఆంధ్రా యూనివర్సిటీ, మద్రాసు, ధార్వాడ్, ఉత్కల్, పాండిచ్చేరి విశ్వవిద్యాలయాల్లో ఆంత్రోపాలజీ చదవాలనుకునేవారికి ఇది మొదటి ప్రాక్టికల్ కూడా.

పటం వేశాక ఈ ప్రశ్నలకు జవాబు వెతకండి. నాన్నగారి మేనత్త కొడుకు భార్య మీకు ఏమవుతుంది? ఆయన నాన్నకు బావ, మనకు మామ, కాబట్టి ఆమె అత్త. అమ్మ పిన్ని కూతురి భర్త ఏమవుతాడు? ఆమె అమ్మకు చెల్లెలి వరస అయితే మనకు పిన్ని, ఆయన బాబాయి. తాతగారి బావమరిది మనుమడు ఏమవుతాడు? దీనికి జవాబు నేను రాయడం లేదు. ఆ మనుమడు కొడుకు బిడ్డా, కూతురు బిడ్డా అన్నదాన్ని బట్టి, తాతగారు అమ్మ తండ్రా, నాన్న తండ్రా అన్నదాన్ని బట్టి వేరువేరుగా వేసి చూడండి. ఎన్ని సార్లు బావ వస్తాడో, ఎన్ని సార్లు అన్న వస్తాడో లెక్కపెట్టండి.